ఫిసల్‌బండ నుంచి ఫర్ లూప్ దాకా: పాతబస్తీలో మొదలైన ఒక లెక్క కథ

ఈ ఎపిసోడ్‌ని ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ఎక్స్ = ఎక్స్ + 1. ఇది కరెక్టా, తప్పా?

ఇంటర్ మ్యాథ్స్‌లో ఇలా రాస్తే సార్ ఎర్ర పెన్నుతో కొట్టేస్తారు. ఎందుకంటే రెండు వైపులా ఎక్స్ తీసేస్తే సున్నా ఒకటికి సమానం అని వస్తుంది. అదే డిగ్రీ ఫస్ట్ సెమిస్టర్‌లో, సి ప్రోగ్రామింగ్ క్లాసులో, సారే స్వయంగా బోర్డు మీద ఇది రాస్తారు. మనం రికార్డులోకి దించుకుంటాం. ఎవరూ ఏమీ అడగరు.

మా క్లాసులో ఒకడు అడిగాడు. వాడిది శాలిబండ. ఎంపీసీలో మ్యాథ్స్ అంటే వాడే మాకు ట్యూషన్ టీచర్. లేచి నిలబడి, "సార్, ఎక్స్ ఎక్స్ ప్లస్ వన్‌కి ఎట్లా ఈక్వల్ అయితది?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్వి, "అది అంతే, రాసుకో" అన్నారు. అది ఏ కాలేజీ అనేది చెప్పను, మీరు అడగొద్దు. కానీ ఆ తర్వాత వాడు ఆ క్లాసులో మళ్ళీ నోరు తెరవలేదు. తనకి కంప్యూటర్ బుర్ర లేదని డిసైడ్ అయిపోయాడు. డిగ్రీ మధ్యలో ఆపేసి పత్తర్‌గట్టిలో వాళ్ళ మామ షాపులో కూర్చున్నాడు. ఈ రోజుకీ క్యాలిక్యులేటర్ లేకుండా బిల్లు వేస్తాడు.

చాలా ఏళ్ళ తర్వాత నాకు తెలిసిన సంగతి ఏంటంటే, వాడు అడిగింది పిచ్చి ప్రశ్న కాదు. ప్రపంచంలోని కొన్ని మంచి యూనివర్సిటీల్లో ప్రోగ్రామింగ్ మొదటి కోర్సు ఆ ప్రశ్న చుట్టూనే నడిచింది. దానికి ఒక పేరు కూడా ఉంది, మోడల్ ఆఫ్ కంప్యుటేషన్. తెలుగులో గణన నమూనా అనుకోవచ్చు. కానీ పేరు చూసి భయపడకండి. లెక్క జరుగుతున్నప్పుడు అసలు లోపల ఏం జరుగుతోంది అని మన బుర్రలో ఉండే బొమ్మ, అంతే. మా వాడి బుర్రలో ఉన్న బొమ్మ ఒకటి, సార్ బోర్డు మీద ఉన్న బొమ్మ ఇంకొకటి. ఆ మాట చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు.

ఇవాళ ఆ ఐదు నిమిషాల పాఠాన్ని కాస్త చరిత్రతో కలిపి చెప్తాను. ఎందుకంటే ఈ కథ అమెరికాలో మొదలుపెట్టక్కర్లేదు. చార్మినార్ దగ్గర బండి ఎక్కితే అరగంటలో చేరే చోట మొదలుపెట్టొచ్చు.

సంతోష్‌నగర్ దాటి చంద్రాయణగుట్ట వైపు పోతుంటే ఫిసల్‌బండ అనే ఏరియా వస్తుంది. పేరు చూడండి ఎంత బాగుందో. ఫిసల్ అంటే ఉర్దూలో జారడం, బండ మన తెలుగు బండే. నా చెవికైతే జారుడుబండ అన్నట్టే వినిపిస్తుంది. సగం ఉర్దూ, సగం తెలుగు. పాతబస్తీ భాషకి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుంది.

1901లో అక్కడ నవాబ్ జఫర్ జంగ్ అనే ఆయన, పైగా కుటుంబం వాళ్ళు, తన ఎస్టేట్‌లో ఒక టెలిస్కోప్ పెట్టించారు. ఆయనకి ఆకాశం పిచ్చి. అప్పటి నవాబుల్లో కొందరికి గుర్రాల పిచ్చి, కొందరికి కార్ల పిచ్చి, ఈయనకి నక్షత్రాలు. డబ్లిన్‌లో గ్రబ్ కంపెనీ తయారుచేసిన 15 అంగుళాల టెలిస్కోప్ కొన్నారు. దాంతోపాటు ఆకాశాన్ని ఫొటో తీసే 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్ ఒకటి, ఇంగ్లండ్‌లోని కుక్ కంపెనీది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ మీద గౌరవంతో దానికి నిజామియా అబ్జర్వేటరీ అని పేరు పెట్టారు. 1907లో నవాబ్ గారు చనిపోయారు. ఆ మరుసటి ఏడాది, అంటే మూసీ వరద వచ్చిన 1908లో, నిజాం ప్రభుత్వం అబ్జర్వేటరీని తన చేతిలోకి తీసుకుంది. మొదటి డైరెక్టర్‌గా ఆర్థర్ చాట్‌వుడ్ అనే ఇంగ్లీషాయన వచ్చారు. ఫిసల్‌బండ నుంచి సామాను బేగంపేటకి మారింది.

ఇక్కడిదాకా ఇది నవాబు గారి షోకు కథ. అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది.

1887లో పారిస్‌లో ఖగోళ శాస్త్రవేత్తలంతా కూర్చుని ఒక పెద్ద నిర్ణయం తీసుకున్నారు. ఆకాశం మొత్తాన్ని ముక్కలుగా పంచుకుని, ఫొటోలు తీసి, ప్రతి నక్షత్రం ఎక్కడుందో కొలిచి పుస్తకాలుగా అచ్చువేయాలి. దాన్నే ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్ అంటారు. సుమారు 20 అబ్జర్వేటరీలు తలా ఒక పట్టీ తీసుకున్నాయి. గ్రీన్‌విచ్‌కి ఒకటి, పారిస్‌కి ఒకటి, వాటికన్‌కి ఒకటి. ఖగోళ మధ్యరేఖకి దక్షిణంగా 17 డిగ్రీల నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీని మొదట చిలీలోని శాంటియాగోకి ఇచ్చారు. అక్కడ పని సాగలేదు. అది చివరికి హైదరాబాద్‌కి వచ్చింది. తర్వాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ కూడా మనవాళ్ళే చేశారు. అది జర్మనీలోని పోట్స్‌డామ్ పూర్తిచేయలేక వదిలేసిన పట్టీలో ఒక భాగం.

సరే, ఫొటో తీశారు. గాజు ప్లేటు మీద నల్ల చుక్కలు వచ్చాయి, నెగటివ్ కదా. దాని మీద 5 మిల్లీమీటర్ల గళ్ళు కూడా అచ్చై ఉంటాయి, మన గ్రాఫ్ పేపర్ లాగా. ఇప్పుడు ఒక మనిషి మైక్రోస్కోప్ ముందు కూర్చుని ప్రతి చుక్కా ఏ గడిలో, ఎంత అడ్డంగా, ఎంత నిలువుగా ఉందో కొలిచి రాయాలి. అది ఎక్స్, ఇది వై. ఒక ప్లేటులో వందల చుక్కలు.

కొలిస్తే అయిపోలేదు. కెమెరా పెట్టినప్పుడు ప్లేటు ఒక వెంట్రుకవాసి పక్కకి జరిగి ఉంటుంది, కొంచెం తిరిగి ఉంటుంది. కాబట్టి ఆ ఎక్స్, వైలని సరిచేయాలి. దానికి సూత్రం ఇది. అసలు అడ్డం కొలత = ఏ ఇంటూ ఎక్స్, ప్లస్ బీ ఇంటూ వై, ప్లస్ సీ. అసలు నిలువు కొలత = డీ ఇంటూ ఎక్స్, ప్లస్ ఈ ఇంటూ వై, ప్లస్ ఎఫ్. ఈ ఏ నుంచి ఎఫ్ దాకా ఉన్న ఆరు అంకెలు ప్లేటు ప్లేటుకీ మారతాయి. ముందే స్థానం తెలిసిన కొన్ని నక్షత్రాలు ఆ ప్లేటులో ఎక్కడ పడ్డాయో చూసి, ఆ ఆరింటినీ లెక్కకట్టాలి. లాగరిథమ్ టేబుల్, పెన్సిల్, కాగితం, ఓపిక.

ఈ పనిచేసే మనిషిని అప్పట్లో ఇంగ్లీషులో ఏమనేవారో తెలుసా? కంప్యూటర్. అవును, కంప్యూటర్ అనేది ఉద్యోగం పేరు. టైపిస్ట్, డ్రైవర్, కండక్టర్ లాగా. మిషన్‌కి ఆ పేరు రావడానికి ముందు 300 ఏళ్ళకు పైగా ఆ మాట మనుషులదే.

ఇప్పుడు ఆ మనిషి చేసే పనిని తెలుగులో వరసగా రాస్తాను, చూడండి.

ప్రతి ప్లేటుకీ:
ఆరు స్థిరాంకాలు కట్టు.
ఆ ప్లేటులోని ప్రతి చుక్కకీ:
ఎక్స్ చదువు, వై చదువు.
సూత్రంలో పెట్టు.
వచ్చింది పట్టికలో రాయి.
చుక్కలు అయిపోతే తర్వాతి ప్లేటు తీయి.
ప్లేట్లు అయిపోతే ఆగు.

గుర్తుపట్టారా? ఇది నెస్టెడ్ లూప్. ఫర్ లోపల ఫర్. మీ ల్యాబ్ రికార్డులో ఐదో ప్రోగ్రామో ఆరో ప్రోగ్రామో ఇదే. కరెంటు లేదు, స్క్రీన్ లేదు, కానీ ప్రోగ్రామ్ ఉంది. దాన్ని రన్ చేస్తున్నది ఒక మనిషి.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఇంకొకటి ఉంది. ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్ పద్ధతిలో ప్రతి నక్షత్రానికీ చివరి జవాబు దాకా లెక్క చేసి అచ్చువేయరు. కొలిచిన ఎక్స్, వైలు, పక్కన ప్లేటు స్థిరాంకాలు ఇస్తారు. ఎవరికి ఏ నక్షత్రం కావాలో వాళ్ళు సూత్రంలో పెట్టి తీసుకోవాలి. డేటా ఇచ్చారు, ఫంక్షన్ ఇచ్చారు, అవసరమైనప్పుడు కాల్ చేసుకోమన్నారు. హ్యాస్కెల్ లాంటి భాష నేర్చుకునేవాళ్ళు దీన్ని లేజీ ఇవాల్యుయేషన్ అంటారు. బద్ధకం అని కాదు, అవసరం పడేదాకా ఆగడం.

చాట్‌వుడ్ తర్వాత రాబర్ట్ పోకాక్ డైరెక్టర్ అయ్యారు, 1918లో ఆయన చనిపోయారు. ఆ తర్వాత టి.పి. భాస్కరన్ గారు, మొదటి భారతీయ డైరెక్టర్. 1944 దాకా, అంటే పాతికేళ్ళకు పైగా, ఈ పని ఆయన చేతి కింద నడిచింది. 1919లో అబ్జర్వేటరీ కొత్తగా పుట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో భాగమైంది. మొత్తం 12 సంపుటాలు అచ్చయ్యాయి, చివరివి 1946 నాటికి. ఉస్మానియా ఖగోళ విభాగం చెప్పే లెక్క ప్రకారం 7,63,542 నక్షత్రాలు. ఒక్కోదానికి రెండు కొలతలు వేసుకున్నా 15 లక్షల అంకెలు, చేత్తో. ఇప్పుడు మీ ఫోన్ ఆ సరిచేసే లెక్క మొత్తాన్ని మీరు ఈ వాక్యం చదివేలోపు చేసేస్తుంది. కానీ చేసేది అదే లెక్క.

వాటికన్ గురించి చెప్పాను కదా. అక్కడ ఈ కొలతల పని నలుగురు క్రైస్తవ సన్యాసినులు చేశారు. దాదాపు వందేళ్ళు వాళ్ళు ఎవరో ఎవరికీ తెలియదు, ఫొటోలో మైక్రోస్కోప్ ముందు కూర్చున్న నలుగురు సిస్టర్లు, అంతే. 2016లో పాత కాగితాలు తిరగేస్తుంటే పేర్లు దొరికాయి. ఎమీలియా పొన్జోని, రెజీనా కొలంబో, కొంచెట్టా ఫినార్ది, లుయీజా పాంచెరీ. పేర్లు దొరికాక వార్త ప్రపంచమంతా తిరిగింది. మన బేగంపేటలో పనిచేసిన అసిస్టెంట్లలో ఒకాయన పేరు కాస్త తెలిసిందే, ఎం.కె. బప్పు. అదీ ఎందుకంటే వాళ్ళబ్బాయి వేణు బప్పు. నిజాం కాలేజీలో చదువుకుని, 1949లో అమెరికాలో ఉండగా ఒక తోకచుక్కని కనిపెట్టి, మన దేశంలో ఆధునిక ఖగోళ శాస్త్రానికి పెద్దదిక్కయ్యాడు. కొడుకు వల్ల తండ్రి పేరు మిగిలింది.

ఇప్పుడు కాసేపు ఇంగ్లండ్ వెళ్దాం, మళ్ళీ వెంటనే వచ్చేద్దాం.

1936. కేంబ్రిడ్జ్‌లో అలన్ ట్యూరింగ్ అనే 23 ఏళ్ళ కుర్రాడు. మీలో చాలామంది వయసే. ఇతని తండ్రి జూలియస్ ట్యూరింగ్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఐసీఎస్ ఆఫీసరు, కర్నూలు, విశాఖపట్నం లాంటి మన తెలుగు జిల్లాల్లో కూడా ఉద్యోగం చేశాడు. అది పక్కన పెడితే, అలన్ ముందు ఉన్న ప్రశ్న జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ వేసింది. గణితంలో ఏ వాక్యం ఇచ్చినా, అది రుజువవుతుందో లేదో ఆలోచన అక్కర్లేకుండా, గుడ్డిగా రూల్స్ పాటిస్తూ తేల్చే పద్ధతి ఒకటి ఉంటుందా?

దీనికి జవాబు చెప్పాలంటే ముందు గుడ్డిగా రూల్స్ పాటించడం అంటే ఏంటో తేల్చాలి కదా. అక్కడ ట్యూరింగ్ ఏం చేశాడో చూడండి. మిషన్ గురించి ఆలోచించలేదు. లెక్క చేసే మనిషి గురించి ఆలోచించాడు. ఆయన పేపర్‌లో కంప్యూటర్ అనే మాట వచ్చినప్పుడు దాని అర్థం మనిషే. ఒక మనిషి గళ్ళ కాగితం ముందు కూర్చున్నాడు. ఒకేసారి కొన్ని గళ్ళే చూడగలడు. ఆ గడిలో ఏ గుర్తుందో చూస్తాడు. నేను ఇప్పుడు ఏ స్టెప్‌లో ఉన్నాను అని గుర్తుపెట్టుకుంటాడు. రూల్ ప్రకారం ఆ గుర్తు చెరిపి ఇంకోటి రాస్తాడు, లేదా పక్క గడికి పోతాడు. అంతే. ఎంత పెద్ద లెక్కైనా విడగొడితే ఇంతకంటే ఏమీ మిగలదు అన్నాడు ట్యూరింగ్. ఆ మనిషిని తీసేసి అక్కడ ఒక చిన్న డబ్బా పెట్టాడు, కాగితం బదులు పొడవాటి టేపు పెట్టాడు. అదే ట్యూరింగ్ మిషన్.

ఆ సంవత్సరం బేగంపేటలో మనవాళ్ళ కేటలాగ్ పని ఇంకా అయిపోలేదు. ట్యూరింగ్ కేంబ్రిడ్జ్‌లో ఊహించుకుంటున్న మనిషి అచ్చంగా ఇక్కడ కూర్చుని ఉన్నాడు. ట్యూరింగ్‌కి వీళ్ళ గురించి తెలుసని కాదు నేను చెప్పేది. అలాంటి గదులు ప్రపంచంలో చాలా ఊళ్ళలో ఉండేవి. వాటిలో ఒకటి మనది, దాని వేరు ఫిసల్‌బండలో ఉంది.

ఆ పేపర్‌లోనే ఇంకో గొప్ప ఐడియా ఉంది. ఆ మనిషి పాటించే రూల్స్‌ని కూడా కాగితం మీదే రాసి పెడితే? అప్పుడు ఒకే మిషన్ ఆ రూల్స్ చదివి ఏ మిషన్ పనైనా చేసేస్తుంది. దీన్నే యూనివర్సల్ మిషన్ అంటారు. మీ ఫోన్ పొద్దున అలారం, మధ్యాహ్నం బ్యాంకు, రాత్రి సినిమా హాలు అవుతోంది కదా, దాని మూలం ఇదే. యాప్ అంటే టేపు మీద రాసిన రూల్స్.

మూడోది కొంచెం షాకింగ్. ఏ రూల్స్ కాగితం ఇచ్చినా, ఇది పాటించే మనిషి ఎప్పటికైనా పని ముగిస్తాడా, లేక ఎప్పటికీ తిరుగుతూనే ఉంటాడా అని ముందే చెప్పగలిగే ఒకే పద్ధతి ఉండదని నిరూపించాడు. ఒక చిన్న ఆట చెప్తాను, ఫోన్‌లో ట్రై చేయండి. ఏదో ఒక సంఖ్య తీసుకోండి. సరిసంఖ్య అయితే సగం చేయండి. బేసి అయితే మూడుతో గుణించి ఒకటి కలపండి. 1 వచ్చేదాకా ఇలా చేస్తూ పోండి. 27తో మొదలుపెడితే 9,232 దాకా ఎక్కి, 111 స్టెప్పుల తర్వాత 1కి దిగుతుంది. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా తప్పకుండా 1కి వస్తుందా? ఇప్పటిదాకా ఎవరూ నిరూపించలేకపోయారు. మూడు లైన్ల ప్రోగ్రామ్, అది ఆగుతుందో లేదో పెద్ద పెద్ద గణితవేత్తలకే తెలియదు. మీ కోడ్ ఇన్ఫినిట్ లూప్‌లో పడితే సిగ్గుపడకండి.

ఇప్పుడు మా శాలిబండ దోస్తు దగ్గరికి వద్దాం. వాడి బుర్రలో ఉన్న బొమ్మ ఏది?

అదే 1936లో అమెరికాలో అలోంజో చర్చ్ అనే ఆయన అదే ప్రశ్నకి ఇంకో దారిలో జవాబిచ్చాడు. ఆయన దారిలో టేపు లేదు, చెరపడం లేదు. ఉన్నదల్లా పెట్టడమే. ఫార్ములాలో అక్షరం ఉన్నచోట విలువ పెట్టు, ఇంకా ఏదైనా మిగిలితే మళ్ళీ పెట్టు. దీన్ని లాంబ్డా కాల్క్యులస్ అంటారు.

లాడ్ బజార్ లెక్క తీసుకుందాం. డజను గాజులు 180 రూపాయలు. 40 గాజులు ఎంత? ధర = గాజులు ఇంటూ 180 బై 12. గాజులు ఉన్నచోట 40 పెట్టు. 40 ఇంటూ 180 అంటే 7,200. బై 12 అంటే 600. బేరం ఆడకపోతే. ఇందులో ఏ అక్షరమూ తన విలువ మార్చుకోలేదు. గాజులు అంటే మొదటి నుంచి చివరిదాకా 40. ఇది స్కూల్లో మనం నేర్చుకున్న ఆల్జీబ్రా బొమ్మ. ఇందులో ఎక్స్ = ఎక్స్ + 1 అంటే పచ్చి అబద్ధం.

ట్యూరింగ్ బొమ్మలో ఎక్స్ అంటే సంఖ్య కాదు, ఒక గడి. పలక మీద ఒక గడి అనుకోండి. అందులో ఏముందో చదువు, ఒకటి కలుపు, పాతది చెరిపి కొత్తది రాయి. అది సమానం అని చెప్పడం కాదు, ఒక ఆర్డరు. సి భాష ఈ బొమ్మ మీద నిలబడింది. 1960ల నాటి ఆల్గాల్, తర్వాత వచ్చిన పాస్కల్ లాంటి భాషలు ఈ గందరగోళం రాకూడదనే సమానం గుర్తుకి ముందు కోలన్ పెట్టి వేరుగా రాసేవి. సి మాత్రం ఒట్టి సమానం గుర్తునే వాడేసుకుంది, ఆ తర్వాత వచ్చిన జావా, పైథాన్ అన్నీ అదే దారి పట్టాయి. నన్నడిగితే, మొదటి సెమిస్టర్ పిల్లలకి ఆ ఒక్క గుర్తు చేసిన నష్టం అంతా ఇంతా కాదు.

వాడు చర్చ్ బొమ్మతో చూస్తున్నాడు, సార్ ట్యూరింగ్ బొమ్మలో రాస్తున్నారు. రెండూ కరెక్టే. ఒకదానితో చేయగలిగిన ఏ లెక్కైనా రెండోదానితో చేయొచ్చని ట్యూరింగే తన పేపర్ చివర చూపించాడు. అమెరికాలో ఎంఐటీ వాళ్ళు 1980ల్లో ఫస్ట్ ఇయర్ కోర్సుని సరిగ్గా ఈ వరసలోనే పెట్టారు. ముందు కొన్ని వారాలు పెట్టడం మాత్రమే, చెరపడం అనే మాటే ఉండేది కాదు. పిల్లలకి అది బాగా పట్టుబడ్డాక, ఇప్పుడు గడి విలువ మారుతుంది, కాబట్టి పాత బొమ్మ పనికిరాదు, కొత్త బొమ్మ నేర్చుకోండి అని చెప్పేవారు. వాళ్ళు వాడిన భాష స్కీమ్, అది లిస్ప్ కుటుంబం. లిస్ప్‌ని తయారుచేసింది జాన్ మెకార్తీ. ఆ మెకార్తీ దగ్గర స్టాన్‌ఫర్డ్‌లో 1966లో పీహెచ్‌డీ చేసింది ఎవరో తెలుసు కదా, మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు. 1994లో ట్యూరింగ్ అవార్డు తెచ్చుకున్నారు. ఆయనది కూడా మొదట సివిల్ ఇంజనీరింగే, గిండీలో. కంప్యూటర్ తర్వాత వచ్చింది.

గాజుల లెక్క దగ్గర ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే ఇక్కడ పాతబస్తీకి ఇంకో లింక్ ఉంది. ఆ లెక్కని మన పెద్దవాళ్ళు త్రైరాశికం అంటారు. మూడు తెలుసు, నాలుగోది కావాలి. సుమారు వెయ్యేళ్ళ కిందట పావులూరి మల్లన మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు, అందులో ఈ త్రైరాశికం ఉంటుంది. అంటే అల్గారిథమ్ తెలుగులో చెప్పొచ్చని మనకి వెయ్యేళ్ళ నుంచీ తెలుసు. అటు అల్‌బిరూనీ 11వ శతాబ్దంలో అరబ్బీలో, భారతీయుల రాశికాల మీదే ఒక చిన్న పుస్తకం రాశాడు. రాశిక అనే మన మాటనే అరబ్బీలో వాడుకున్నాడు. ఆ రచన అచ్చులోకి వచ్చింది ఎక్కడో ఊహించండి. హైదరాబాద్‌లో, 1948లో. అది ఎలాంటి సంవత్సరమో హైదరాబాదోళ్ళకి చెప్పక్కర్లేదు. ఊరు ఊరంతా తల్లకిందులవుతున్న ఏడాదిలో అచ్చైన అరబ్బీ లెక్కల పుస్తకం అది. అచ్చువేసింది దాయిరతుల్ మారిఫ్, 1888లో పెట్టిన సంస్థ. దాని స్థాపకుల్లో ఒకరు అన్వరుల్లా ఫారూఖీ గారు, శిబ్లీ గంజ్‌లో ఇప్పటికీ నడుస్తున్న జామియా నిజామియా మదర్సా పెట్టిన ఆయనే. అల్గారిథమ్ అనే మాట అల్‌ఖ్వారిజ్మీ అనే మనిషి పేరు నుంచి వచ్చిందని మీరు రీల్స్‌లో చూసే ఉంటారు. ఆ పరంపరలోని ఎన్నో రాతప్రతులు మన ఊళ్ళో అచ్చయ్యాయని రీల్స్‌లో చెప్పరు.

భాష సంగతి కూడా. ఉస్మానియా 1919లో క్లాసులు మొదలుపెట్టినప్పుడు సైన్సు, మ్యాథ్స్ అన్నీ ఉర్దూలోనే. దానికోసం ముందే 1917లో అనువాదాల శాఖ ఒకటి పెట్టి, ఒక్కో శాస్త్ర పదానికీ మాటలు తయారుచేశారు. ఆ ఏర్పాటులో తెలుగు పిల్లలకి జరిగిన అన్యాయం వేరే ఎపిసోడ్. కానీ కష్టమైన సంగతిని ఇంట్లో మాట్లాడే భాషలో చెప్పొచ్చు అనే పట్టుదల మాత్రం మెచ్చుకోవాలి. ఇప్పుడు చూడండి. ఇంట్లో తెలుగో దక్కనీయో, క్లాసులో ఇంగ్లీషు, బోర్డు మీద సి. మూడు గోడలు. ఎక్స్ = ఎక్స్ + 1 దగ్గర ఆగిపోయిన పిల్లాడు ఏ గోడ దగ్గర ఆగాడో ఎవరూ చూడరు.

తర్వాతి చరిత్ర మీకు తెలిసిందే, గబగబా చెప్పేస్తాను. 1963లో ఐఐటీ కాన్పూర్‌కి ఐబీఎం 1620 వచ్చింది, అక్కడ రాజారామన్ గారు ప్రోగ్రామింగ్ పాఠాలు మొదలుపెట్టారు. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పెట్టారు, తర్వాత అది టీడీసీ-12 అనే కంప్యూటర్‌ని తయారుచేసింది. 1998లో సైబర్ టవర్స్, అదే ఏడాది గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ. మ్యాప్ మీద పెట్టి చూస్తే లెక్క అనేది ఫిసల్‌బండ నుంచి బేగంపేట, అక్కడి నుంచి మౌలాలి వైపు, అక్కడి నుంచి గచ్చిబౌలి. ఒక్కో అడుగూ మూసీకి దూరంగా. అందుకే నయాపుల్ దగ్గర సిటీ కాలేజీ మెట్ల మీద కూర్చున్న పిల్లలకి కంప్యూటర్ సైన్స్ అంటే అవతలి ఒడ్డు సంగతి అనిపిస్తుంది.

మొన్న బేగంపేట పోయినప్పుడు అబ్జర్వేటరీ వైపు వెళ్ళాను. పక్కనే అమీర్‌పేట, జావా, పైథాన్, ఏఐ అని బోర్డులు, పాంప్లెట్లు పంచే కుర్రాళ్ళు. ఇంత దగ్గర్లో 12 సంపుటాల లెక్క చేసిన ఆవరణ ఉందని అక్కడ ఒక్క పాంప్లెట్ మీదా లేదు. ఇప్పుడు ఆ ఆవరణలోనే ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ ఒకటి నడుస్తోంది.

వచ్చేటప్పుడు పత్తర్‌గట్టిలో ఆగాను. మా వాడు షాపులోనే ఉన్నాడు. బిల్లు పుస్తకం వెనక రెండు గళ్ళు గీసి, ఒకదాంట్లో 5 రాసి, చెరిపి 6 రాశాను. "ఎక్స్ అంటే అంకె కాదు భాయ్, ఈ గడి" అన్నాను. కాసేపు దాన్ని చూశాడు. "మరి అప్పుడే గట్ల చెప్పొచ్చు గదా" అన్నాడు. తర్వాత ఒక కస్టమర్ వస్తే లేచి పోయాడు.

ఫ్రెండ్స్, ఒక రిక్వెస్ట్. మీ ఇంట్లో తాత గానీ, ముత్తాత గానీ, మేనమామ గానీ నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసి ఉంటే, అటక మీద పాత జీతం కాగితమో, గ్రూప్ ఫొటోనో, గళ్ళ కాగితాలో ఉంటే, ఒక్క ఫొటో తీసి నాకు పంపండి. వాళ్ళ పేరు, వాళ్ళ మహల్లా పేరు రాయండి. వచ్చే ఎపిసోడ్ ఆ పేర్లు చదవడంతోనే మొదలుపెడతాను.